ఆ రాతి ఇంట్లో ముందు ఎవరుండేది?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. శనగ నూర్పిడి అయిపోయింది, చేతిలో పని తక్కువ, మనసులో ఒక విషయం తిరగతా ఉంది. ఓపిక ఉన్నోళ్లు చివరి దాకా చదవండి.

పోయిన నెల ఒకాయన బెంగళూరు నుంచి మా ఇంటికి వచ్చినాడు. గండికోట చూడనీకి శని, ఆదివారాలు జనం ఎంత వస్తన్నారో మన జమ్మలమడుగు పక్కనోళ్లకు చెప్పేపనిలేదు. ఆయన కన్ను మా పాత రాతి మిద్దె మీద పడింది. నాపరాళ్ల గోడలు, లోపల ఎద్దులను కట్టేసే చోటు, రాతి గాడి, పైన చౌడుమట్టి మిద్దె. మేం పక్కన స్లాబు ఇల్లు కట్టుకున్నాక దాంట్లో కట్టెలు, పాత మడకలు, డ్రిప్పు పైపులు తప్ప ఏమీ లేవు. "అమ్మితే కొంటా, లేకుంటే ఇరవై ఏండ్లకు లీజుకియ్యండి, గెస్ట్ హౌస్ చేస్తా" అన్నాడు. ఎట్లా చేస్తాడో చెప్పనీకి ఫోన్లో ఒక ఫోటో చూపించినాడు. ఇటలీ దేశంలో టస్కనీ అనే సీమ అంట. గుట్ట మీద రాతి ఇల్లు, చుట్టూ ఆలివ్ చెట్లు, పక్కన నీలంగా ఈతకొలను. లోపల సోఫాలు వేసిన గది. ఆ గదిలో గోడకు ఆనుకొని ఏముందో తెలుసునా? గాడి. పసులు మేత తినే గాడి. దాంట్లో పూలకుండీలు పెట్టినారు.

ఆయన పోయినాక నాకు ఆ గాడే కండ్ల ముందర. ఆ గాడికాడ కట్టేసిన ఎద్దులు ఎవరివి? ఆ ఇంట్లో ముందు ఉండినోళ్లు ఎవరు, ఎక్కడికి పోయినారు? మా తమ్ముడు "అమ్మేద్దాం అన్నా" అంటాండాడు. ఏదో ఒకటి చెప్పే ముందు ఆ ఇండ్ల కథ తెలుసుకుందామని కూర్చున్నా. తెలుసుకున్నది మీకూ చెప్తా. ఎందుకంటే అది మన కథకు శానా దగ్గర.

టస్కనీ, దాని పక్కన ఉంబ్రియా, మార్కే. ఇవి ఇటలీ నడిమి భాగం. అక్కడ ఆరేడు వందల ఏండ్లు నడిచిన సేద్యం పద్ధతి పేరు మెజ్జద్రీయా. పేరులోనే 'సగం' ఉంది. మన మాటలో చెప్పాలంటే సగం కోరు. భూమి, ఇల్లు యజమానివి. ఒళ్లు వంచేది రైతు కుటుంబం. పండింది చెరిసగం. గోధుమ, ద్రాక్ష సారాయి, ఆలివ్ నూనె, దూడ అమ్మిన దుడ్లు, అన్నీ సగమే. ఫ్లోరెన్స్, సియెనా ఊర్ల వ్యాపారులు 13, 14వ శతాబ్దాల్లో దుడ్లు చేసుకొని పల్లెల్లో భూములు కొన్నారు. దున్ననీకి వాళ్లకు మనుషులు కావాల. అట్లా ఈ పద్ధతి పాతుకుపోయింది.

మనకూ వాళ్లకూ ఒక తేడా ఉంది. మన ఇండ్లు ఊర్లో ఉంటాయి, చేను ఊరి బయట ఉంటుంది. అక్కడ భూమిని ఒక కుటుంబం చేయగలిగినంత ముక్కలు చేసి, ప్రతి ముక్క నడిమధ్య ఒక ఇల్లు కట్టినారు. ఆ ముక్కను పొదేరే అంటారు. కుటుంబం పెద్దదైతే పెద్ద పొదేరే, చిన్నదైతే చిన్నది. ఇంట్లో చేతులు తగ్గితే యజమాని వేరే పొదేరేకు పొమ్మంటాడు. కట్టుబడి ఏడాదికే. మళ్లీ ఏడు ఉంచుతాడో లేదో ఆయన ఇష్టం. తాతల నాటి నుంచి ఉన్నా సరే, ఆ ఇంట్లో ఒక్క రాయి కూడా వాళ్లది కాదు.

ఇల్లు ఎట్లా ఉండేదంటే, కింద పసుల కొట్టం, పైన మనుషులు. బయట మెట్లెక్కి పైకి పోతే మొదట వంటిల్లు, పెద్ద పొయ్యి. చలికాలం కింద ఉన్న ఎద్దుల వెచ్చదనం పై గదులకు ఎక్కేది. ఆ ఎద్దులు కియానీనా జాతివి. మన ఒంగోలు గిత్తల మాదిరి తెల్లవి, ఎత్తులో బరువులో లోకంలోనే పెద్ద జాతుల్లో ఒకటి. ట్రాక్టర్లు వచ్చేదాకా మడక లాగింది అవే. ఇంటి ముందర రాళ్లు గానీ ఇటుకలు గానీ పరిచిన కళ్లం. దానిని వాళ్లు ఆయా అంటారు. పక్కన రొట్టెలు కాల్చే పొయ్యి, కొన్ని ఇండ్ల మీద పావురాల గూడు. మా పాత మిద్దెలో కూడా గడప దాటంగానే ఎద్దుల చోటు, దాన్ని దాటితే మనుషులుండే చోటు. ఎక్కడైనా రైతు తనకంటే ముందు ఎద్దును లెక్కలో పెట్టుకొనే ఇల్లు కట్టినాడు.

ఆ ఇండ్లు మొదటి నుంచీ అంత బాగా లేవు. 1765 నుంచి 1790 దాకా టస్కనీని పియెత్రో లెయోపోల్దో అనే ప్రభువు ఏలినాడు. ఆయన కాలంలో రైతుల ఇండ్ల మీద చూపు పడింది. 1770లో ఫెర్దినాందో మొరోజ్జి అనే ఆయన రైతు ఇండ్లు ఎట్లా కట్టాలో చెప్తూ ఒక పుస్తకమే రాసినాడు. కియానా లోయలో బురద నేలను ఆరబెట్టి కొత్త పొలాలు చేసినప్పుడు కట్టిన ఇండ్లను ఈనాటికీ ఆ ప్రభువు పేరుతో లెయోపోల్దీనే అంటారు. పావురాల గూడు నడిమధ్యన, ముందర వంపుల వసారా. ఇప్పుడు ప్రకటనల్లో కనపడే ఇండ్లలో ఇవీ ఉన్నాయి. రైతు గట్టిగా ఉంటే పంట బాగుంటుంది, పంట బాగుంటే యజమాని సగం పెరుగుతుంది. ఆ ఇండ్లు బాగుపడటం వెనక ఈ లెక్క కూడా ఉంది.

ఆ ఇంట్లో బతుకు ఎట్లుండేది? మగవాళ్లకు పెద్ద కపోచ్చా. చేను పని, బజారు పని ఆయన చేతిలో. ఆడవాళ్లకు పెద్ద మస్సాయా. వంట, కోళ్లు, గుడ్లు, బట్టలు ఆమె చేతిలో. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల పెండ్లాలు, పిల్లోళ్లు, అందరూ ఒకే పొయ్యి. పైన యజమాని. నడమ ఆయన మేనేజరు, ఫత్తోరే. లెక్కల పుస్తకం రాసేది మేనేజరే. విత్తనం అప్పు, కరువు ఏడు తెచ్చుకున్న గోధుమల అప్పు, అన్నీ దాంట్లో ఎక్కేవి. చదువు రాని కపోచ్చా ఆ పుస్తకాన్ని నమ్మాల్సిందే. పండగలకు యజమాని ఇంటికి కోళ్లు, గుడ్లు మోయాల. శానా చోట్ల ఇంట్లో పిల్లకు, పిల్లోనికి పెండ్లి చేయాలన్నా యజమాని సరే అనాల. ఎందుకంటే కోడలు వస్తే తినే నోరు పెరుగుతుంది, కూతురు పోతే పని చేసే చెయ్యి తగ్గుతుంది.

అట్లని ఏడుపొక్కటే కాదు. రాత్రిపూట పొయ్యి చుట్టూనో, కొట్టంలో ఎద్దుల వెచ్చదనంలోనో పక్క పొలాలవాళ్లు కూడి కథలు చెప్పుకొనేవాళ్లు. మనం అరుగు మీద కూర్చున్నట్లే. ఒకే చేన్లో గోధుమ, దాని గట్ల వెంబడి చెట్లకు పాకించిన ద్రాక్ష తీగ, ఆలివ్ చెట్లు అన్నీ ఉండేవి. ఒకటి పోతే ఒకటి నిలబెడుతుందని. మన పెద్దోళ్లు జొన్నలో కంది, అనుము కలిపి వేసినట్లు. ఇప్పుడు లోకమంతా ఫోటోలు తీసుకునే ఆ అందమైన లోయలు, 2004లో యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కిన ఓర్చా లోయతో సహా, ఇట్లాంటి సేద్యం చేసిన చేతులతో తయారైనవే.

అందరు యజమానులూ ఒకటే అని కూడా అనలేం. ఆ ఓర్చా లోయలోనే లా ఫోచే అనే పెద్ద ఎస్టేటు ఉంది. 1920లలో ఐరిస్ ఒరిగో అనే రచయిత్రి, ఆమె భర్త ఆంతోనియో దాన్ని కొని, గులకరాళ్ల బీడు నేలను బాగుచేసినారు. రైతుల ఇండ్లు సరిచేసి, పిల్లోళ్లకు బడి, వైద్యశాల పెట్టినారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఊర్లు పోగొట్టుకున్న పిల్లోళ్లకు నీడనిచ్చినారు. 1944 జూన్‌లో గుండ్లు పడతాంటే ఆ పిల్లోళ్లను వెంటబెట్టుకొని మోంతెపుల్చానో ఊరికి నడిచి చేరినారు. ఆ రోజుల గురించి ఆమె రాసుకున్న డైరీ తర్వాత పుస్తకంగా వచ్చింది. అయినా సరే, అక్కడ కూడా రైతుకు సగమే, ఇల్లు యజమానిదే. ఇప్పుడు ఆ ఎస్టేటులో కూడా పాత ఇండ్లను సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిస్తన్నారు.

యుద్ధం అయిపోయినాక కోరు రైతులు ఇంక ఊరుకోలేదు. సంఘాలు కట్టినారు, పంట పంచే కాడ అడ్డం నిలబడినారు. 1946లో ప్రధానమంత్రి దె గాస్పెరి మధ్యవర్తిగా ఒక తీర్పు చెప్పాల్సి వచ్చింది. 1947లో కుదిరిన ఒప్పందంతో రైతు వాటా నూటికి 53 అయింది. 1964 సెప్టెంబరులో వచ్చిన 756 నంబరు చట్టం రైతు వాటాను 58కి పెంచి, కొత్తగా ఇట్లాంటి కోరు ఒప్పందాలు రాసుకోకూడదని చెప్పింది. 1965లో ఇంకో చట్టం, యజమాని భూమి అమ్మితే దున్నేవానికే మొదట అడగాలని చెప్పింది. 1982 చట్టంతో మిగిలిన కోరు ఒప్పందాలను గుత్తకు మార్చుకునే దారి వచ్చింది.

ఎంత మంచి చట్టాలు కదా! కానీ అన్నలారా, ఇక్కడే ఉంది అసలు సంగతి. ఆ చట్టాలు వచ్చేసరికి ఇండ్లు ఖాళీ అయితన్నాయి. 1950లు, 60లలో వయసు పిల్లోళ్లంతా ప్రాతో ఊర్లో బట్టల మిల్లులకు, పొంతెదేరాలో వెస్పా స్కూటర్ల ఫ్యాక్టరీకి, ఫ్లోరెన్సులో కట్టడాల పనికి పోయినారు. నెలకు జీతం, సగం ఎవరికీ పంచే పని లేదు. పల్లె ఇంట్లో శానా చోట్ల కరెంటు లేదు, కుళాయి లేదు. పిల్లనిచ్చేవాళ్లు కూడా చేను నడుమ ఇంటికి ఇయ్యమన్నారు. మన ఊర్లో సేద్యం చేసే పిల్లోనికి పిల్లనివ్వట్లేదని ఈ పొద్దు మనం అనుకుంటన్నాం. ఆ మాట ఆ గుట్టల మీద మనకంటే అరవై ఏండ్ల ముందే వినపడింది. వందల ఏండ్లు కోరిన హక్కు చేతికి వచ్చే వేళకు, ఆ హక్కు అందుకోనీకి చెయ్యే లేకపోయింది.

ఇండ్లు అట్లే పడి ఉండినాయి. పైకప్పులు కుంగినాయి, తీగలు అల్లుకున్నాయి. కొన్ని పొలాలను సార్దీనియా దీవి నుంచి గొర్రెలు తోలుకొచ్చిన కాపర్లు తీసుకున్నారు. తర్వాత ఇంగ్లండు, జర్మనీ, స్విట్జర్లాండు వాళ్లు వచ్చినారు. కియాంతి అనే ద్రాక్ష సీమలో ఇంగ్లీషువాళ్లు ఎంతమంది చేరినారంటే, దాన్ని వాళ్ల జిల్లా మాదిరి 'కియాంతీషైర్' అని ఎగతాళిగా పిలిచినారు. 1996లో అమెరికా రచయిత్రి ఫ్రాన్సెస్ మేయస్ కొర్తోనా ఊరికాడ పాత ఇల్లు కొని బాగుచేసుకున్న కథను పుస్తకంగా రాసింది. 2003లో సినిమా కూడా వచ్చింది. ఇంక ఆ ఇండ్లకు గిరాకీ చెప్పేపనిలేదు.

ఇండ్లు ఎట్లా మార్చినారో చెప్తా, పనికొచ్చే విషయాలున్నాయి. కింద కొట్టం హాలు అయింది. నేల నుంచి చెమ్మ ఎక్కకుండా పాత నేల తవ్వి, కంకర పరిచి, గాలి ఆడే సందు వదిలి, పైన బండలు వేసినారు. పైకప్పు విప్పి, పుచ్చిన దూలాలు మార్చి, అవే పాత పెంకులు మళ్లీ పేర్చినారు. మొదట్లో శానామంది సిమెంటు పూసి చెడగొట్టినారు. రాతిగోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్లీ వదులుతుంది. సున్నం దాన్ని వదలనిస్తుంది, సిమెంటు బిగబట్టేస్తుంది. మేం కూడా పన్నెండేండ్ల కింద మా మిద్దె వెనక గోడకు సిమెంటు పూసినాం. నాలుగేండ్లు తిరక్కముందే పెచ్చులు ఊడినాయి, లోపల గోడ తడి. తప్పు మేస్త్రీది కాదు, చెప్పి చేయించింది నేనే.

ఇంకో చిత్రం. ఆ ఇండ్లలో శానా వాటికి ముందు సున్నపు పూత ఉండేది. వచ్చేవాళ్లకు రాయి కనపడాలని పూతంతా గీకేసినారు. అంటే 'పాత ఇల్లు' అని మనకు ఫోటోలో కనపడేది, పాత రైతు చూస్తే గుర్తుపట్టేది కాదేమో. కళ్లం బండల మీద కుర్చీలు, పక్కన ఈతకొలను. ఒకప్పుడు బాయి నుంచి బిందెలతో నీళ్లు మోసిన చోటది.

అయితే కథ అంతా పోగొట్టుకోవడమే కాదు. 1985 డిసెంబరులో ఇటలీ ప్రభుత్వం 730 నంబరు చట్టం తెచ్చింది. రైతు తన పొలంలోనే సెలవులకు వచ్చినవాళ్లకు గది, భోజనం ఇచ్చే పనికి చట్టం కట్టింది. దానిని అగ్రితురీస్మో అంటారు. దాంట్లో మూడు మాటలు నాకు నచ్చినాయి. ఒకటి, ఆ పని చేయాల్సింది సేద్యం చేసేవాడే. రెండు, పొలంలో ఉన్న పాత కట్టడాలనే వాడాల. మూడు, సేద్యమే ముఖ్యం, గదుల వ్యాపారం దాని తర్వాత. 2006లో చట్టం కొత్తగా రాసినప్పుడు కూడా ఈ మూడో మాటను వదల్లేదు. ఇప్పుడు ఇటలీ మొత్తంలో ఇట్లాంటివి 25 వేలకు పైన ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ టస్కనీలోనే, 5 వేలకు మించి. ఆలివ్ నూనె, జున్ను, సారాయి వచ్చిన ఇంట్లోనే అమ్ముడు పోతాయి. గదుల అద్దెతో నిలబడిన పొలాలు ఉన్నాయి. అమ్మేసుకొని పోయిన ఇల్లు ఎవరి సెలవులకో పనికొచ్చింది. ఉంచుకున్న ఇల్లు సేద్యాన్ని నిలబెట్టింది. రాయి అదే, ఫోటో కూడా అదే మాదిరి ఉంటుంది. తేడా కాగితంలో ఉంది.

ఇంక మా మిద్దె సంగతికి వస్తా. ఇది మా జేజినాయన కట్టింది కాదు. ఆయన ఆ ఇంటికి కోరు రైతుగా వచ్చినాడు. భూమి, మిద్దె వేరేవాళ్లవి. పండిన జొన్నలో సగం బండ్లకెత్తి యజమాని పాతర నింపినాకే మా జేజి తన గాదె వైపు చూసుకునేది అంట. ఆ యజమాని కొడుకులు చదువులకని టౌనుకు పోయి, చివరకు మిద్దె, నాలుగెకరాలు మా నాయనకే అమ్మినారు. ఆ దుడ్ల కోసం మా నాయన రెండు జతల ఎద్దుల్లో ఒక జత అమ్మినాడు, మా అమ్మ మెడలో ఉండేది అమ్మినాడు. ఆ యజమాని వేరేవాళ్లకు అమ్మి ఉంటే మేం కూడా ఆ కపోచ్చా కుటుంబాల మాదిరి మూట కట్టుకొని పోయేవాళ్లమే. మనం అడగకుండానే వచ్చిన అదృష్టం కాబట్టి దాని విలువ నాకు తెలియలేదు. పరాయి దేశం గాడి చూసినాక తెలిసింది.

ఇంకోటి కూడా చెప్పాల, చెప్పకుంటే మోసం. ఇప్పుడు నా నాలుగెకరాల్లో రెండెకరాలు గుత్తకు ఒక తమ్ముడు చేస్తన్నాడు. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కాగితం మీద నేను సంతకం పెడితేనే ఆయనకు కౌలు కార్డు వస్తుంది. రెండేండ్లు నేను పెట్టలేదు. "మళ్లీ చూద్దాంలే తమ్ముడూ" అన్నా. భయం, ఇంకేం కాదు. ఇటలీ యజమానుల గురించి చదువుతా చదువుతా, ఈ పుస్తకంలో నేను ఏ పక్క ఉన్నానో అనుకుంటే సిగ్గేసింది. ఈ ఏడు సంతకం పెట్టినా.

మిద్దె మీద నేను, మా తమ్ముడు మూడు రాత్రులు మాట్లాడుకున్నాం. తమ్ముడు చెప్పేదాంట్లో న్యాయం ఉంది. వానికి ఆడపిల్ల పెండ్లి ఉంది, బోరు అప్పు ఉంది. "రాళ్లు చూసుకుంటా కూర్చుంటే కడుపు నిండుతుందా అన్నా" అన్నాడు. నిండదు. చివరకు ఇట్లా అనుకున్నాం. అమ్మం. ఇరవై ఏండ్ల లీజు ఇయ్యం. ఆ బెంగళూరాయన ముందుకొస్తే ఐదేండ్లకు, పత్రం రిజిస్ట్రేషన్ చేయించి ఇస్తాం. అద్దెలో కొంత ముందుగా ఇస్తే తమ్ముని అప్పు తీరుతుంది. గోడలకు సున్నమే, సిమెంటు కాదు. గోడలు కొట్టనీకి లేదు. వచ్చినవాళ్లకు తిండి మా ఇంటి ఆడవాళ్లు వండితే దాని దుడ్లు వాళ్ల చేతికే. జొన్నరొట్టె, శనగలు, వేరుశనగ నూనె మా ఊరి రైతుల కాడనే కొనాల. ఈ షరతులకు ఆయన ఒప్పుకుంటాడో లేదో తెలియదు. ఒప్పుకోకుంటే మేమే ఒక గది సరిచేసి మొదలు పెడదాం అని మా తమ్ముడే అన్నాడు. ఆ మాట వాని నోట వస్తుందని నేను అనుకోలేదు.

గాడి మాత్రం ఉంటుంది. దాంట్లో పూలు పెట్టుకుంటే పెట్టుకోనీ, తప్పేం లేదు. కానీ దాని పైన గోడకు ఒక నాపరాయి పలక బిగించి, ఈ ఇంట్లో ఉండి సేద్యం చేసినోళ్ల పేర్లు చెక్కించాలని ఉంది. మా జేజి, జేజినాయన పేర్లు, మా అమ్మానాయన పేర్లు. మడక లాగిన ఎద్దుల పేర్లు కూడా.

మన సీమలో ఊరికి పది ఇట్లాంటి మిద్దెలున్నాయి. రోడ్డు పడే కొద్దీ, టూరిస్టులు పెరిగే కొద్దీ ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. అమ్మొద్దని నేను చెప్పను, ఎవరి కష్టం వాళ్లది. సంతకం పెట్టే ముందు ఒక్క రాత్రి ఆ ఇంట్లో పడుకోండి. మీ పెద్దోళ్లు దాన్ని ఎట్లా సంపాదించినారో ఇంట్లో పిల్లోళ్లకు చెప్పండి. ఆ తర్వాత లెక్క వేసుకోండి. మీ ఊర్లో ఇట్లా ఇల్లు లీజుకిచ్చినవాళ్లుంటే పత్రంలో ఏం రాసుకున్నారో నాకు చెప్పండి, మాకూ పనికొస్తుంది.

ఉంటాను.